నడిసముద్రంలో పూనకం

జగ్గమ్మ మళ్ళీ మొహం తిప్పేసుకుంది.

యుగంధర్ చేతిలో నిమ్మరసం గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. "మామ్మా, ఎండగా ఉంది కదా, కొంచెం..." అన్నాడు. ఆవిడ అతన్ని పైనుంచి కిందికి చూసింది, పాదాల దగ్గర చూపు ఆపింది, 'ఛీ' అన్నట్టు మూతి విరిచి సముద్రం వైపు తిరిగిపోయింది.

బూట్లకి పాలిష్ చాలలేదు కాబోలనుకున్నాడు మహానుభావుడు. గదికి పోయి మళ్ళీ రుద్దుకొచ్చాడు.

రొయ్యల మేత కంపెనీ ఆ ఏడు డీలర్లందర్నీ సింగపూర్ తీసుకెళ్ళి క్రూయిజ్ ఎక్కించింది. శ్రీకాకుళం జిల్లా డీలర్లని మేపుకొచ్చే పని సేల్స్ ఆఫీసర్ యుగంధర్‌ది. ఆ మందలో భావనపాడు డీలరు లక్ష్ముడు, ఆయన తల్లి జగ్గమ్మ, ఆయన కూతురు దేవి ఉన్నారు. దేవీ, యుగంధర్ ఎచ్చెర్లలో ఎంబీయే కలిసి చదివారు. మిగతాది నేను చెప్పక్కర్లేదనుకుంటాను.

లక్ష్ముడికి విషయం తెలుసు. "మా యమ్మ ఊ అంటే నాకు ఊ. ఓడ దిగీలోగా ఒప్పించుకో బాబూ. ఇంటికెల్తే మా ఊరి దాలయ్య మనవడి సంబంధం మాటాడేస్తాది" అని ముందే చెప్పేశాడు. ఓడ రేప్పొద్దున రేవు చేరుతుంది. ఇవాళంతా ఎక్కడా ఆగదు, చుట్టూ నీళ్ళే. డీలర్లు ఓడమీది ఈతకొలనులో గేదెల్లా మునిగి తేలుతున్నారు. యుగంధర్ ఒక్కడికే ఊపిరాడ్డం లేదు.

మెట్ల దగ్గర దేవి దొరికింది.

"మీ మామ్మకి నా మొహం నచ్చలేదు దేవీ. నా బతుకింతే."

"మొహం ఎవులు సూసినారు? ఆ జోళ్ళేటి?"

"ఏం? బ్రాండెడ్!"

"నీ బ్రాండు మండిపోను! పడవ మీద ఎవుడైనా జోళ్ళేసుకుంటాడేటి? గంగమ్మ తల్లిని తొక్కినట్టే కదా! మా మామ్మ సింగపూర్‌లోనే సెప్పులిప్పి బేగులో పెట్టీసినాది. సూణ్ణేదా?"

యుగంధర్ ఆవిడ కాళ్ళు ఎందుకు చూస్తాడు? దేవి కాళ్ళు చూశాడు. తళతళలాడే చెప్పులున్నాయి.

"మరి నువ్వు?"

"మామ్మ కనపడితే ఇప్పీసి సంచిలో పడేస్తాను. మా నాన్నా అంతే. అందరం అంతే! నీకు తెల్దా? మీరూ సముద్రమోల్లే కదా!"

"మా తాత కాలం మాట అది. మా నాన్న విజయనగరంలో బ్యాంకు గుమస్తా. నాకు తెలిసిన సముద్రం మా ఊరి పెద్దచెరువే!"

దేవి నెత్తి కొట్టుకుని, నవ్వేసింది. ఆ నవ్వు చూస్తే యుగంధర్‌కి ఎప్పుడూ కాళ్ళు నేలమీద ఆనవు. అక్కడికక్కడే బూట్లూ మేజోళ్ళూ విప్పి ఆమె చేతుల్లో పెట్టాడు.

"పట్టుకో. ఇప్పుడే ఒప్పించుకొస్తాను."

"ఒరే, ఎండ..." అనబోయింది. వింటేగా!

జగ్గమ్మ కొలనుకి అవతల, నీడలో కూచుని ఉంది. యుగంధర్ నిమ్మరసం పట్టుకుని, వినయం ఉట్టిపడే నడకతో బయల్దేరాడు. నాలుగడుగులు బాగానే పడ్డాయి. ఆ తర్వాత తెలిసింది, మిట్టమధ్యాహ్నం ఎండకి డెక్ చెక్కలు అట్లపెనంలా కాలి ఉన్నాయని. వెనక్కి పోదామంటే ముసలమ్మ చూసేసింది. పరిగెడదామంటే గ్లాసు తొణుకుతుంది. ఇంకేం చేస్తాడు? గెంతాడు. కుడికాలు, ఎడమకాలు, మళ్ళీ కుడికాలు. నోట్లోంచి "హూ! హా!" అని కేకలు వాటంతటవే వచ్చేశాయి.

అప్పుడే పక్కన జుంబా డాన్సు క్లాసు పాట మొదలైంది. టెక్కలి డీలరు కొండబాబు, 'కంపెనీవాడే ఆడుతుంటే మనకేం' అనుకుని వెనకాల చేరాడు. ఆయన వెనక మరికొందరు. బూట్లతో, చెప్పులతో, బొజ్జలతో ఓ ఊరేగింపు తయారైంది.

జగ్గమ్మ చటుక్కున లేచింది.

"అమ్మో! తల్లొచ్చీసినాది! గంగమ్మ తల్లి ఆ గుంటడి మీదికొచ్చీసినాది!"

ఇసకలో కాలి కాలి గట్టిపడ్డ కాళ్ళతో ఎండలోకి వచ్చి, బొడ్లోంచి కుంకం పొట్లం తీసి, అతని నుదుట ఇంత బొట్టు పెట్టింది. లక్ష్ముడు కొలనులోంచి తడిబట్టలతోనే వచ్చి సాష్టాంగపడ్డాడు. జుంబా నేర్పే పిల్ల పాట ఆపేసి నోరు తెరిచింది.

"తల్లీ!" అంది జగ్గమ్మ. "నడిసముద్రంలో కనపడినావు. ఒక్క మాట సెప్పు. మా దేవిని ఎవులికియ్యమంటావు?"

యుగంధర్ గుండె గెంతడం ఆపింది, కాళ్ళు ఆపలేదు. ఒక్క మాట! తన పేరు తనే చెప్పుకుంటే చాలు, దేవి తనది. అద్దాల తలుపు దగ్గర దేవి అతని బూట్లు గుండెలకి హత్తుకుని, 'సెప్పీరా, సెప్పీ' అని కళ్ళతోనే బతిమాలుతోంది. పేరు నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా ముసలమ్మ చేతులు జోడించి నిలబడింది. రేపు పెళ్ళయ్యాక ఈవిడ మొహం ఎలా చూడ్డం?

"నా మీదికి ఏ తల్లీ రాలేదు మామ్మా!" అని ఏడుపుగొంతుతో అరిచాడు. "కాళ్ళు కాలిపోతున్నాయి! జోళ్ళేసుకున్నందుకు మీకు కోపమొచ్చిందని తెలిసి విప్పేశానంతే! నిజంగా తల్లి వచ్చినప్పుడు మీరేం అడుక్కుంటారో నాకు తెలీదు. నేను మాత్రం అడుగుతున్నాను. దేవిని నాకివ్వండి!"



జగ్గమ్మ అతని రెక్క పట్టుకుని లాగి, నీడలో తన కుర్చీలో కుదేసింది. నిమ్మరసం లాక్కుని అతని పాదాల మీద పోసింది.

"తల్లొచ్చినోడు నిప్పుల మీద నడుస్తాడు. నువ్వు సెక్క మీద గెంతుతన్నావు. ఆ మాత్రం నాకు తెల్దేటిరా?"

"తెలిసి... మరి ఎందుకడిగారు?"

"సూద్దామని. నీ పేరు నువ్వు సెప్పుకునుంటే ఇక్కడికిక్కడే నీల్లలోకి తోసీదును. అమ్మోరి పేరు సెప్పి అబద్ధమాడినోడు రేపు పెల్లాంతో నిజమాడతాడేటి?"

లక్ష్ముడు ఇంకా నేలమీదే ఉన్నాడు. "అంటే... ఊ అన్నట్టేనేటమ్మా?"

"లెగరా. లేసి ఓడ ఎనక్కి తిప్పమను. లగ్గం పెట్టించాల."

"ఇది మన బోటు కాదే అమ్మా!"

"ఎవుడిదైతేనేటి? తోలీవోడుంటాడు కదా, సెప్పు!"

దేవి పరుగున వచ్చింది. బూట్లు ఎక్కడ పారేసిందో ఆమెకే తెలీదు. అతని ముందు మోకాళ్ళ మీద కూచుని, ఎర్రగా కమిలిన పాదాలు ఒళ్ళోకి తీసుకుంది. కళ్ళల్లో నీళ్ళు, నోట్లో తిట్లు.

"పిచ్చోడివేట్రా? ఒక్క మాటతో అయిపోయీది కదా! మామ్మ కాదంటే నానేటైపోదును?"

"భయమేసింది దేవీ, నిజంగానే. కానీ నిన్ను నేనే అడిగి తెచ్చుకోవాలనిపించింది."

తండ్రి చూస్తున్నాడు, మామ్మ చూస్తోంది, జిల్లా డీలర్లందరూ చూస్తున్నారు. అయినా సరే, దేవి అతని చెయ్యి తీసి చెంపకి ఆనించుకుని, మొట్టమొదటిసారి అందరికీ వినపడేలా "బావా" అంది.