చిరగాల్సిన గుడ్డ

"ఈ కుట్లు ఎవరు వేశారు?"

తెప్ప మీద మోకాళ్ళపై కూర్చుని, నీళ్ళలోంచి తాడు పైకి లాగుతూ అడిగాడు చిప్పల మాస్టారు. ఆలిచిప్పల పెంపకం నేర్పడానికి మత్స్యశాఖ ఆఫీసు పంపిన ట్రైనర్‌కి ఊళ్ళో ఆడవాళ్ళు పెట్టిన పేరది.

"నేనే," అంది వలలు కుట్టే అమ్మాయి, మెచ్చుకుంటాడేమోనని చూస్తూ. "పిల్ల చిప్పల్ని తాళ్ళకి చుట్టడానికి మీవాళ్ళు నాసిరకం గుడ్డ అంటగట్టారు మాస్టారూ. చుట్టిన నాలుగు రోజులకే చీలికలు పేలికలు. అన్ని తాళ్ళకీ నైలాన్ దారంతో కుట్టేశాను. ఇక చచ్చినా చిరగదు."

మాస్టారు తల పట్టుకున్నాడు. "అది చిరగాలండీ. పిల్ల చిప్పలు తాడుని సొంతంగా పట్టుకునేదాకే గుడ్డ. తర్వాత పోవాలి. మీరిలా బిగిస్తే పెరగడానికి చోటు లేక చచ్చిపోతాయి."

ఆమె మొహం పాలిపోయింది. వలల్లో చేపలు పడటం తగ్గాక, తాతల నాటి నుంచి తమదైన ఈ కాలవలో తెప్పలు కట్టనిమ్మని అమ్మమ్మని కాళ్ళావేళ్ళా పడి ఒప్పించింది తనే. ఊరికి పెద్దదిక్కు అమ్మమ్మే. "ఈ ఒక్క పంట చూస్తా. పోయిందా, తెప్పలు విప్పేస్తా," అని ఆవిడ ముందే తేల్చి చెప్పింది.

"కత్తెరుందా?" అన్నాడతను.

ఎదురెదురుగా కూర్చుని, ఒక్కో తాడే తీసి కుట్లు కోయడం మొదలుపెట్టారు. సన్నగా వాన పట్టుకుంది. అతని వేళ్ళు బొబ్బలెక్కాయి.

"ఇంత గట్టిగా ఎవరైనా కుడతారా?"

"ఇంత మెత్తటి చేతులు ఎవరికైనా ఉంటాయా?"

"గుడ్డ సంగతి మొదటి క్లాసులోనే చెప్పాను. మీరు ముందు వరసలో కూర్చుని కన్నార్పకుండా చూశారు కూడా."

"చూశాను," అందామె తల వంచుకుని. "వినలేదు."

అతని చేతిలో కత్తెర ఆగిపోయింది.

ఆఖరి తాడు కుట్లు కూడా తెగాయి. చిప్పలు రాల్లేదు. నల్లగా, గుత్తులు గుత్తులుగా తాడుని కరుచుకునే ఉన్నాయి. గొడుగేసుకుని పడవలో వచ్చిన అమ్మమ్మ వాటిని వేలితో లాగి చూసి, "ఉండనీ తెప్పలు," అంది.

అమ్మాయి ఊపిరి పీల్చుకుంది. అతను మాత్రం నవ్వలేదు.

"నా ఉద్యోగమూ ఆ గుడ్డలాంటిదే. మీకు పట్టు దొరికింది. పంట తీయగానే నన్ను వేరే ఊరు పంపేస్తారు."

"వెళ్ళి చూడండి," అందామె. "మళ్ళీ కుట్టేస్తాను. నైలాన్ దారంతో."

అమ్మమ్మ అతని బొబ్బల చేతుల వంక చూసింది. "దాని కుట్లు రెండోసారి విప్పడం నీ వల్ల కాదులే బాబూ," అని, పడవలో ఇద్దరికీ చోటుండేలా ఒక పక్కకి జరిగింది.