సగం డాక్టరు కూతురు

"అమ్మా... ఒకసారి ఇటు రా!"

వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన తల్లి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. వాష్ బేసిన్‌లో కఫం... అందులో నెత్తుటి చారలు! పదహారేళ్ల పిల్ల గోడకు జారగిలబడి, తనే ఏదో తప్పు చేసినట్టు బిత్తర చూపులు చూస్తోంది.

"పళ్లు గట్టిగా తోమి ఉంటుందిలే," అన్నాడు భర్త, అద్దంలో తల దువ్వుకుంటూ.

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. మందుల షాపు కౌంటరు వెనక ఏళ్ల తరబడి నిలబడ్డందుకు వీధి వీధంతా అతన్ని 'సగం డాక్టరు' అంటుంది. ఆ పిలుపు వినీ వినీ మిగతా సగమూ తనేనని నమ్మేశాడు మహానుభావుడు! రెండు నెలలుగా పిల్ల దగ్గుతుంటే సిరప్పు మీద సిరప్పు మార్చాడు. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతోందంటే ఏవో యాంటీబయాటిక్ మాత్రలు మింగించాడు. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలు. తెల్లారేసరికి చెమటకు దిండు తడిసిపోతోందంటే "ఫ్యాను పెంచు" అన్నాడు. బట్టలు వదులైపోతున్నాయంటే "ఎదిగే వయసు, సాగుతోంది" అని నవ్వాడు!

"ఊరందరి రోగాలూ కనిపెడతారు. కన్నకూతురి ముఖం ఒక్కసారైనా చూశారా?" అని, అతని జవాబు కోసం ఆగకుండా పిల్లను ఛాతీ ఆసుపత్రికి తీసుకెళ్లింది.

ఎక్స్‌రే తీశారు. కఫం పరీక్షకు పంపారు. ఫలితం చూసి డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. "క్షయ అమ్మా. ఈ వయసు పిల్లలకు పెద్దవాళ్లలాగే ఊపిరితిత్తుల్లో పుండు పడుతుంది. పసిపిల్లలైతే కఫం తీసివ్వలేరు, ఈమె ఇవ్వగలిగింది కాబట్టి తేలింది. మధ్యలో వాడిన మాత్రలు జబ్బును కప్పిపెట్టాయి, అంతే. ఆరు నెలలు మానకుండా మందులు వేసుకుంటే నయమైపోతుంది. ఇంట్లో వాళ్లందరూ పరీక్ష చేయించుకోవాలి."

ఇంటికొచ్చి విషయం చెప్పగానే సగం డాక్టరు ముఖం పాలిపోయింది. "ఎవరికీ చెప్పకు! నిమ్ము అందాం. తెలిస్తే నా షాపు గడప ఎవరు తొక్కుతారే?"

కూతురు ఏమవుతుందోనని కాదు, పరువు ఏమవుతుందోనని వణుకుతున్న మగాడు... ఈయనతోనా తను ఇన్నేళ్లు కాపురం చేసింది! ఆమెకు ఏడుపు కూడా రాలేదు. "రేపు పరీక్షకు రాకపోతే ఆ గడపలోనే నిలబడి నేనే చెప్తాను," అంది.

మర్నాడు ఎక్స్‌రే గది ముందు ముగ్గురూ కూర్చున్నారు. అటుగా వెళ్తున్న వాళ్ల వీధి చెప్పుల షాపాయన ఆగాడు. "ఏంటి సగం డాక్టరుగారూ, మీరిక్కడ?"

"అబ్బే... ఊరికే, మందుల పని మీద..."

"నాకు క్షయ, బాబాయిగారూ," అంది పిల్ల మాస్కు వెనక నుంచే. "నాన్నకు సోకిందేమోనని చూపించడానికి వచ్చాం."

చెప్పుల షాపాయన రెండడుగులు వెనక్కి వేశాడు. భర్త కూతురి వైపు చూశాడు. ఆ కళ్లలో సిగ్గు లేదు... వట్టి అలసట.

"అవునండీ..." అన్నాడు. "రెండు నెలలు నేనే చేజేతులా ముదరబెట్టాను. నాకేం తెలుసండీ... నాకేమీ తెలీదు!" అందరూ చూస్తుండగా రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఊరుకో నాన్నా..." అంది పిల్ల.

తల్లికి మాత్రం జాలి కలగలేదు. కలగనందుకు బాధా కలగలేదు! లోపలికి పిలుపొచ్చింది. కన్నీళ్లకు చూపు ఆనక అతను చొక్కా గుండీలు తీసుకోలేకపోతుంటే, విసుగ్గా ఆమే ఒక్కొక్కటీ విప్పింది.

"ఏడుపు ఇంటికెళ్లాక ఏడవచ్చు," అంది. "ముందు లోపలికెళ్లి ఊపిరి బిగబట్టండి, ఫోటో తీస్తారు."