ప్యాకప్ చెప్పలేదు

అక్క సినిమా తీస్తోందని తెలిసి, ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతుందట అని బంధువులు నవ్వారు. నవ్వుకోనీ అనుకుంది అక్క. అరువు కెమెరా, పాడుబడ్డ ఇల్లు, దెయ్యం కథ. యూనిట్ అంటే కెమెరా పట్టే తమ్ముడు, దెయ్యం వేషం వేసే పిన్ని. ఆ ఇంట్లో నిజంగానే ఏదో ఉందని పక్కింటివాళ్ళు హెచ్చరిస్తే, “ఉంటే మరీ మంచిది, సెట్ వెయ్యక్కర్లేదు,” అంది.

మర్నాడే ఆ ఇల్లు కూల్చేస్తారు. ఒక్క షాట్ మిగిలింది. దెయ్యం మెట్లు దిగి కెమెరా దాకా రావాలి. అది లేకపోతే సినిమాకి ముగింపే లేదు, పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

మిట్టమధ్యాహ్నం కిటికీలకి నల్లగుడ్డలు కట్టి రాత్రి చేశారు. గాలి ఆడటం మానేసింది. తడి సున్నం వాసన. మెట్ల చెక్కలో ఏదో కొరుకుతున్న సన్నటి చప్పుడు. ముఖానికి పిండి రాసుకుని పిన్ని మేడ మీదికి వెళ్ళింది.

“యాక్షన్!”

తెల్లచీర మెట్లు గబగబా దిగింది.

“కట్! బస్సు తప్పిపోతోందా పిన్నీ? మెల్లగా దిగు. వన్ మోర్.”

అది వెనక్కి తిరగకుండానే, అలాగే వెనకడుగులతో పైకెక్కింది. పిన్ని ఇంత బాగా చేస్తుందని అక్క ఎప్పుడూ అనుకోలేదు. ఈసారి మెల్లగా దిగింది. చెక్క ఒక్కసారి కూడా కిర్రుమనలేదు.

వీధి తలుపు కొంచెం తెరుచుకుంది. పిండి ముఖంతో పిన్ని.

“దాహమేసి వెనక మెట్లమీంచి దిగొచ్చానే. మొదలెట్టారా?”

తమ్ముడు కెమెరా మీంచి తలెత్తాడు. “అక్కా... మరి అది?”

“కెమెరా ఆపావంటే చంపేస్తాను.”

దగ్గరికొచ్చింది... ఇంకా దగ్గరికి... లెన్స్ మీద ఆవిరి పట్టింది.

“కట్!”

అది ఆగింది. ఒక కాలు గాల్లో ఉండగానే. తమ్ముడూ పిన్నీ కాలికి బుద్ధి చెప్పారు. అక్కకీ పైప్రాణాలు పైనే పోయాయి. అయినా స్టాండు మీంచి కెమెరా తీసి, “షాట్ ఓకే,” అని దాని ముఖం మీదే చెప్పి, పరిగెత్తకుండా నడిచి బయటికొచ్చింది.

ఇల్లు కూలిన రోజు సాయంత్రం ముగ్గురూ అక్క ఇంట్లో ఆ షాట్ చూశారు. అద్భుతం. నవ్వినవాళ్ళందరి నోళ్ళూ మూతపడతాయి. పిన్ని మాత్రం గొణిగింది.

“కట్ అన్నావు, సరే. ప్యాకప్ చెప్పావా? అది చెప్పేదాకా వేషం కట్టినవాళ్ళు సెట్ వదలరే.”

అక్క ప్యాకప్ చెప్పలేదు. తన ఇంటి మేడ మీంచి ఆ తడి సున్నం వాసనే దిగుతోంది.

“నా ఇంటికొచ్చి నన్నే బెదిరిస్తావా?” మెట్లెక్కుతూ గొంతు చించుకుని అరిచింది. “ప్యాకప్!”

పైనుంచి గుసగుస. అచ్చం తన గొంతే.

“వన్ మోర్. మెల్లగా ఎక్కు.”

ఎత్తిన కాలు గాల్లోనే ఆగిపోయింది. దించబోయింది... దిగలేదు.  అక్క తలెత్తి పైకి చూసింది. కాలు దానిదైతే కావచ్చు, నోరు ఇంకా తనదే.

“షాట్ బాగా రావాలంటే ముందు ఆ లైటు తగ్గించు,” అంది.

ఎవరూ లేని మేడ మీద లైటు మెల్లగా తగ్గింది.