ఎర్రబోడు గడ్డ మీద జీపు సప్పుడు

కొత్తకోట నుంచి ఆత్మకూర్ పోయే అడ్డదారి ఒకటుంది. సగం దూరంల ఎర్రబోడు గడ్డ అని పెద్ద ఎక్కుడు వస్తది. రాత్రి తొమ్మిది దాటిందంటే ఆ గడ్డ మీద ఎవ్వరూ బండి ఆపరు. ఉచ్చకు గూడ ఆపరు.

ఎందుకంటే – ఆడ ఒకడు చెయ్యెత్తుతడంట. లిఫ్టు అడిగినట్టు. ఆపితే ఎనక ఎక్కి కూసుంటడు. ఎక్కినంక బండి బరువైతాంటది... ఇంకింత బరువైతాంటది... గడ్డ దిగి చూస్తే ఎనక ఎవ్వడుండడు. గని నడిపినోడు మూడు దినాలు జరంతోని లేవడు. మా దిక్కు చిన్న పిల్లలకు గూడ చెప్పి పెడ్తరు – ఆడ ఎవడు చెయ్యెత్తినా చూడకుంట పోవాలె అని. ఫోన్ చేద్దామన్నా ఆడ సిగ్నల్ ఉండది.

అది పాత కథ. రెండేండ్ల నుంచి ఇంకొకటి మొదలైంది.

జీపు సప్పుడు.

రాత్రిపూట గడ్డ మీదికి జీపు ఎక్కుతున్నట్టు వినబడతదంట. లైటుండది, బండుండది. సప్పుడొక్కటే... లేస్తది, గుంజుతది, తప్పుతది, ఆగిపోతది. జరసేపు ఏముండది. అటెన్క చీకట్ల – టక్... టక్... టక్... అని ఇనుము సప్పుడు. మళ్ల జీపు లేస్తది.

అది చోటే మియా జీపే అన్నరు అందరు. ఆయన పానం పోయింది ఆ గడ్డ మీదనే.

ఇదంత నాకు చెప్పింది భిక్షపతి మామ. మా గల్లీ చివరన రేకుల షెడ్డు ఆయనది, డీజిల్ బండ్ల మెకానిక్కు. భార్య పుష్పత్త పోయినంక షెడ్డులనే వండుకుంటడు, షెడ్డులనే పండుకుంటడు. మామకు దోస్తు అంటే ఒక్క చోటే మియానే.

చోటే మియాది పాత డీజిల్ జీపు, నాలుగు చక్రాలు గుంజేది. మీటరు నాలుగు లక్షల కాడ ఆగిపోయి ఎన్నేండ్లయిందో ఆయనకే యాదికి లేదు. రోడ్డు లేని తండాలకు టీచర్లను, ఇత్తనాల బస్తాలను, పెండ్లిగిన్నెలను అదే మోసేది. ప్రతి జుమ్మా నమాజు అయినంక జీపు షెడ్డుకు వచ్చేది. పనున్నా వచ్చేది, లేకున్నా వచ్చేది. చోటే మియా డబ్బా బోర్లేసుకొని కూసునేటోడు. మామ ఇంజన్ ఆయిలు రెండు వేళ్ల నడుమ రుద్ది చూసుడు, కమాన్‌పట్టీలకు గ్రీజు పెట్టుడు, బోల్టులు ఒక్కొక్కటి బిగించుడు. గీ డొక్కును పాత ఇనుముకు కాటాకెయ్యరాదు భాయ్ అని మామ అంటే, నిన్ను గూడ దీంట్లెనే కూసోబెట్టి ఏస్త, ఇద్దరిది ఒకటే వయసు అని ఆయన. పొద్దు గూకేదాంక ఇదే ముచ్చట.

ఆఖరి జుమ్మా రోజు బండి మాటిమాటికి ఆగుతాందని తెచ్చిండు. డీజిల్ పైపుల గాలి పడుతాంది. మామ డీజిల్ ఫిల్టర్ విప్పి కడిగి, మళ్ల బిగించిండు. ఆ ఫిల్టర్ బోల్టు కింద చిన్న రాగి వాషరు ఉంటది. విప్పినప్పుడల్ల కొత్తదెయ్యాలె. కొత్తది లేకుంటే పాతదాన్నే నిప్పుల మీద ఎర్రగ కాల్చి, చల్లార్చి ఏస్తరు – రాగి మెత్తబడి సక్కగ కూసుంటది. కాల్చకుంట ఏస్తే సందు మిగుల్తది. సందు మిగిల్తే మళ్ల గాలి పడతది, ఎక్కుడు మీద ఇంజన్ ఆగిపోతది.

ఆ రోజు మామ దగ్గర కొత్త వాషరు లేదు. చోటే మియాకు ఆత్మకూర్ల కిరాయి ఉంది, తొందరవెడ్తాండు. మామ పాతదాన్ని కాల్చకుంటనే ఏసిండు. రేపు కాల్చి సక్కగేస్త తియ్ అన్నడు. బోల్టు మీదికెళ్లి ఫిల్టర్ మీదికి ఎర్ర రంగుతోని ఒక గీత గీసిండు. అది మామ అలవాటు – గీత తప్పిందంటే ఎవడో విప్పినట్టు.

ఆ రాత్రి చోటే మియా ఇంటికి రాలే.

పొద్దుగాల పాలబండోళ్లు చూసిన్రంట. గడ్డ నడుమ, రోడ్డు పక్కన జీపు. సీట్ల ఆయన. గుండె ఆగిందన్నరు దవాఖానోళ్లు, తెల్లారగట్ల పానం పోయి ఉంటది అన్నరు. అందరు అంతే అనుకున్నరు.

మామ అనుకోలే. ఇంజన్ ఆగింది, ఆ చీకట్ల ఒక్కడే దిగి దాంతోని కొట్లాడిండు, గుండె ఆగింది – మామ లెక్క అది. వాషరు కాల్చకపోవుడుతోనే మనిషి పోయిండని. ఎవ్వరికీ చెప్పలే. తాహేరా చిన్నమ్మ – చోటే మియా భార్య – ఇంటి దిక్కు పోవుడే బంద్ చేసిండు. ఆమె జీపును ఇనుప సామాన్లోళ్లకు అమ్మిందని వేరేటోళ్లు చెప్తే తెలిసింది.

రెండేండ్లు గట్లనే గడిచినయి. మామ ముంగట ఎవ్వరూ ఎత్తని ఈ సప్పుడు ముచ్చట అప్పుడు ఆయన చెవుల పడ్డది.

అందరు భయపడ్డరు. మామ మాత్రం సప్పుడు ఎట్లొస్తదో చెప్పమని ఒక్కొక్కణ్ని పట్టుకొని అడిగిండు. లేస్తది, గుంజుతది, తప్పుతది, ఆగిపోతది... డీజిల్‌ల గాలి పడ్డ బండి అచ్చం గట్లనే చేస్తది. ఆ టక్ టక్ అంటే – గాలి ఎల్లగొట్టనీకె చేతి పంపు కొట్టుడే.

దయ్యమైనా సరే, ఇంజన్ సప్పుడు అబద్ధం చెప్పదు నవీనూ అన్నడు నాతోని.

పోయిన నెల అమాసకు ముందు రోజు, మామ తన మోపెడ్ మీద ఒక్కడే పోయిండు. సంచిల పాన, స్క్రూడ్రైవరు, గుడ్డపేలిక. గడ్డ కింద మోపెడ్ పెట్టి, నడిచి ఎక్కిండు.

గాలి లేదంట. ఒక్క కుక్క గూడ మొరుగుతలేదంట. నడుమ దాంక పోయి, చోటే మియా బండి ఆగిన జాగల కూసున్నడు.

ఎంతసేపో...

లేసింది.

మామ చెవి పెట్టిండు. ఏదో జీపు కాదు. మూడో సిలిండర్ల సన్నగ ఒక టిక్కు ఉంటది ఆ బండికి, మామ ఎన్నిసార్లు చూసినా పోలే అది. ఆ టిక్కు. చీకట్ల, ఎదురుంగ, ఆ టిక్కే...

గుంజింది. తప్పింది. ఆగింది.

టక్... టక్... టక్...

మామ లేసి సప్పుడు దిక్కు నడిచిండు. రోడ్డు దిగిండు. ముండ్లకంప, బండలు. బండల అవతల సన్నటి ఎలుగు. ఎలుగుల ఒంగి ఉన్న మనిషి... తెల్లటి తల... చెయ్యి లేస్తాంది, దిగుతాంది.

"చోటే భాయ్..." అన్నడు మామ.

చెయ్యి ఆగింది.

"నువ్వు మనిషివా, కాదా? ముందు అది చెప్పు."

ఆడమనిషి గొంతు.

"మనిషినే అక్కా. మెకానిక్కును."

"మెకానిక్కువైతే దొంగలెక్క నిలబడతవేంది? ఇటొచ్చి బ్యాటరీ లైటు పట్టు."

ఆమె పేరు మారెమ్మ. గడ్డ కింద కాలువ ఒడ్డుకు ఎకరంన్నర భూమి ఉంది. పుట్టినకాన్నుంచి ఒకరి చేన్ల కూలిచేసి, ముసలితనంల సర్కారిచ్చిన పట్టా. కరెంటు స్తంభాలు ఆడిదాంక రాలే. పగలు కాలువల పైపెయ్యనియ్యరు. అందుకే ఇనుప సామాన్ల కాడ ఒక పాత జీపు ఇంజన్ కొని, ఇనుప చట్రం మీద బిగించి, దానికి పంపు తగిలిచ్చి, రాత్రిపూట నీళ్లు పెట్టుకుంటాంది. గడ్డకు దయ్యం పేరుండుడు తనకు మంచిదే అన్నదంట, దయ్యాలకు భయపడి కాలువ కాసే లస్కరు గూడ ఇటు రాడు. గని ఈ ఇంజనొక్కటే తన పానం తీస్తాందని, గడియకోసారి ఆగుతాందని తిట్టింది.

మామ లైటు ఇంజన్ మీద కొట్టిండు.

ఫిల్టర్. బోల్టు. ఎర్ర గీత – రంగు మాసింది, గని తప్పలే. రెండేండ్ల నుంచి ఎవ్వరూ దాన్ని విప్పలే. లోపల ఉన్నది ఆ వాషరే. కాల్చనిది.

ఇగ తెలుస్తది. మామ గుడ్డపేలికతోని బోల్టు చుట్టూ తుడిచిండు. చేతి పంపు కొట్టుమన్నడు. మారెమ్మ కొట్టింది. సందుంటే ఆడ డీజిల్ చెమ్మ ఊరాలె. మామ వేలు పెట్టి చూసిండు.

పొడి.

ఇంక కొట్టు అన్నడు. ఇరవై, ముప్పై, యాభై... పొడి. ఇంజన్ లేపించి, లేసినంక మళ్ల చూసిండు. గాలి బుడగ లేదు, చెమ్మ లేదు. కాల్చని వాషరు కాల్చినదాని లెక్కనే కూసుంది.

మరి ఆగుడెందుకు? డీజిల్ క్యాను చూసిండు. దుమ్ము పడొద్దని మారెమ్మ మూత గట్టిగ బిగించి, మీదికెళ్లి కవరు కట్టింది. గాలి దూరే సందు లేదు. సందు లేకుంటే డీజిల్ దిగది, జరసేపటికి ఇంజన్ ఆగుతది. మామ కవరు ఇప్పి, మూతకు చిన్న బొక్క కొట్టిండు.

ఇంజన్ మళ్ల ఆగలే. మడి నిండేదాంక ఆగలే.

"గింతేనా? గీ బొక్కకు రెండేండ్లు సంపిందా నన్ను?" అని మారెమ్మ నవ్విందంట. తిరిగి చూస్తే మామ గట్టు మీద కూసొని ఏడుస్తాండు. తప్పు దొరికింది గద, ఎందుకేడుస్తున్నవని అడిగింది. మామ పాన సంచిల ఏసుకొని లేసిండు.

ఎందుకో నాకు చెప్పిండు, మొన్న, షెడ్డుల.

"బండి ఆగలే నవీనూ. ఆయనే ఆపిండు."

అప్పుడు ఇప్పి చెప్పిండు. ఎక్కుడు మీద ఇంజన్ ఆగిన బండి ఉన్నకాన్నే నిలబడతది, లేకుంటే ఎనకకు దొర్లుతది. పక్కకు పోదు. చోటే మియా జీపు సక్కగ రోడ్డు పక్కకు తీసి పెట్టి ఉండె. అంటే ఇంజన్ నడుస్తున్నప్పుడే ఛాతిల ఏదో తెలిసింది. పక్కకు తీసిండు. ఇంజన్ బంద్ చేసిండు. కూసున్నడు.

నా తప్పు అనుకున్నన్ని దినాలు, పని చేసుకుంట పోయిండనుకున్న అన్నడు మామ. బానెట్ల తల పెట్టి, నన్ను తిట్టుకుంట పోయిండనుకున్న. గని గట్ల కాదు. ఉత్తగ కూసున్నడు. ఎవరన్నొస్తరని చూసుకుంట.

మెల్లగ అడిగిండు –

"ఎంతసేపు కూసున్నడంటవ్?"

తెల్వదు మామా అన్న.

రెండేండ్ల కింద ఆ రాత్రి నేను ఆత్మకూర్ల దోస్తు అక్క పెండ్లి నుంచి ఒక్కణ్నే బైకు మీద వస్తున్న. గడ్డ మొదట్ల ఫోన్ చూసుకున్న, పదకొండు పది. నడుమ దాంక రాంగనే పక్కన నల్లగ ఏదో బండి. నా లైటు దాని మీద ఒక్క గడియ పడ్డది. కిటికీల నుంచి ఒక చెయ్యి బయటికి ఉంది.

లేసింది. మెల్లగ. మళ్ల దిగింది. మళ్ల లేసింది.

జీపు అని తెలిసింది. ఎవరిదో తెలిసిందో లేదో, ఇప్పటికీ నన్ను నేను అడుగుత. తల ఇంకో దిక్కు తిప్పుకున్న. ఎక్సిలేటరు మొత్తం తిప్పిన.

నాలుగు కిలోమీటర్లు పోయినంక సిగ్నల్ వచ్చింది. ఎవ్వరికీ ఫోన్ చెయ్యలే.