నీలం రిబ్బన్ పిల్ల

"తల్లిని చూడొచ్చా?" అని అడిగింది అమ్మ.

ఫోను స్పీకర్‌లో ఉంది. అవతలి మనిషి నవ్వాడు.

"తల్లెందుకు మేడమ్? మీరు కొనేది కుక్కపిల్లనే కదా! ప్యూర్ గోల్డెన్ రిట్రీవర్. ఇవాళ అడ్వాన్స్ పంపండి. రేపు సాయంత్రం బస్టాండ్ దగ్గర మీ చేతిలో పెట్టేస్తాం."

"మీ ఇంటికే వచ్చి చూస్తాం."

"ఇంటి దగ్గర కుదరదండీ."

అమ్మ ఫోను పెట్టేసింది. హోంవర్క్ చేస్తున్న పిడుగు పెన్సిలు కింద పడేసింది. ఆ అమ్మాయికి పదేళ్లు. అసలు పేరు స్కూల్లోనే వాడతారు. ఇంట్లో అందరికీ పిడుగే.

"రేపే ఇస్తానన్నాడు కదమ్మా!"

"అందుకే వద్దన్నాను," అంది అమ్మ. ఆమె ఆసుపత్రిలో కాన్పుల వార్డు నర్సు. "మా దగ్గర బిడ్డని చేతికిచ్చే ముందు బిడ్డ చేతికున్న పేరు పట్టీ, తల్లి చేతి పట్టీ పక్కపక్కన పెట్టి సరిచూస్తాం. ఇద్దరు నర్సులం చూస్తాం. ఇతనేమో తల్లినే చూపించనంటున్నాడు."

"డోరు తెరిచి చూడకుండా లిఫ్టు బాగుందని నేను సంతకం పెడతానా?" అన్నాడు నాన్న. ఆయన పని లిఫ్టుల రిపేరు. "ఇంకో బ్రీడర్‌ని వెతుకుదాం."

ఆదివారం నలుగురూ కుక్కపిల్లల్ని పెంచి అమ్మే ఇంకో బ్రీడర్ ఇంటికి వెళ్లారు. నాయనమ్మ కూడా చేతికర్ర తీసుకుని బయల్దేరింది.

ఆ బ్రీడర్ ఒక ఆంటీ. గుమ్మంలోనే చెప్పులు విప్పించింది. అందరి చేతులూ సబ్బుతో కడిగించింది. వెనక గదిలో తల్లి కుక్క పడుకుని ఉంది. పిల్లలు దాని పొట్ట దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కి పాలు తాగుతున్నాయి. అన్నీ ఒకే రంగు. అందుకని ఒక్కోదాని మెడకి ఒక్కో రంగు రిబ్బన్ కట్టి ఉంది.

పాలు తాగడం అయ్యాక ఆంటీ ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎన్నో అంతస్తులో ఉంటారు? బయటికి ఎవరు తిప్పుతారు? ఎవరికైనా కుక్క బొచ్చు పడదా?

"పెళ్లిచూపుల్లో కూడా నన్ను ఇన్ని అడగలేదు," అన్నాడు నాన్న అమ్మ చెవిలో.

"అడగాల్సింది," అంది అమ్మ.

"పగలు ఇంట్లో ఎవరుంటారు?" అని అడిగింది ఆంటీ.

"మా అమ్మ ఉంటుందండీ," అన్నాడు నాన్న.

పిడుగుకి గురువారాలు గుర్తొచ్చాయి. గురువారం మధ్యాహ్నం నాయనమ్మ మోకాళ్ల వ్యాయామానికి క్లినిక్‌కి వెళ్తుంది. ఇల్లు తాళం వేసి ఉంటుంది. పిడుగు నోరు మెదపలేదు.

ఇంతలో ఆకుపచ్చ రిబ్బన్ పిల్ల పరుగెత్తుకొచ్చింది. పిడుగు జడ పట్టుకు లాగింది, ముక్కు నాకింది. అక్కడి నుంచి ఒక్క గెంతులో నాయనమ్మ కర్ర మీద పడింది. కర్ర జారింది. నాన్న పట్టుకోకపోతే, దాని మీద వాలి కూర్చున్న నాయనమ్మ కుర్చీలోంచి పడేదే. నీలం రిబ్బన్ పిల్ల మెల్లగా వచ్చి నాయనమ్మ పాదం మీద గడ్డం ఆనించి కూర్చుంది.

"నాకు ఆకుపచ్చది కావాలి!" అంది పిడుగు.

"మీ ఇంటికి నీలం రిబ్బన్ పిల్ల సరిపోతుంది," అంది ఆంటీ. "ఆకుపచ్చది రోజూ మైదానంలో పరుగెత్తాలి. దాన్ని పరుగు పందేల కోచ్ ఒకాయనకి అనుకున్నా. అయినా ఇంట్లో ఒక పిడుగు చాలదూ?"

అందరూ నవ్వారు. పిడుగు నవ్వలేదు.

ఆంటీ పెద్దవాళ్లని ముందు గదిలోకి పిలిచింది. తల్లి కుక్కకీ, తండ్రి కుక్కకీ తీయించిన తుంటి ఎక్స్‌రేలు చూపించింది. "ఈ జాతికి తుంటి జబ్బు వస్తుంటుంది. అందుకే ముందు వీటికి తీయించాకే పిల్లల్ని కననిస్తాను. సాయంత్రం బస్సుకి మా చెల్లెలి ఊరు వెళ్తున్నా. మళ్లీ వచ్చాక మాట్లాడుకుందాం."

వెనక గదిలో పిల్లలు నిద్రపోయాయి. పిడుగు ఒక్కతే ఉంది. నీలం రిబ్బన్ ముడి లాగితే ఊడి వచ్చింది. ఆకుపచ్చదీ అంతే. అటుది ఇటు, ఇటుది అటు కట్టేసింది. పిల్లలు కళ్లు కూడా తెరవలేదు.

మర్నాడు స్కూలుకి టైమవుతుండగా ఫోను మోగింది. స్పీకర్‌లో బ్రీడర్ ఆంటీ గొంతు.

"మీ నీలం రిబ్బన్ పిల్ల బరువు తగ్గిందండీ. రోజూ పొద్దున తూస్తాం. నేను చెల్లెలి ఊళ్లో ఉన్నా కదా, ఇవాళ మా ఆయన తూచాడు. రాత్రికి రాత్రి ఇంత తగ్గడం నేనెప్పుడూ చూడలేదు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాడు. రక్తం తీసి చూడాలన్నారు. మీకు చెప్పడం నా ధర్మం. దానికేమైనా ఉంటే మీకివ్వను, నేనే చూసుకుంటా."

"అయ్యో! పాలు తాగుతోందా?" అని అడిగింది అమ్మ.

"తాగుతోందట. అదే నాకూ అర్థం కావట్లేదు."

పిడుగు ఒక కాలికి సాక్సు వేసుకుని అక్కడే నిలబడిపోయింది. ఆకుపచ్చది ఎప్పుడూ గెంతుతూ ఉంటుంది. నీలం పిల్లకన్నా అది సన్నం. అందుకే బరువు తేడా వచ్చింది. ఏ జబ్బూ లేని పిల్లకి సూది గుచ్చబోతున్నారు. నిజం చెబితే ఆంటీ అసలు ఏ పిల్లనీ ఇవ్వదేమో. చెప్పకపోతే సూది.

"అమ్మా, ఫోను పెట్టెయ్యకు!" అంది పిడుగు. "అది నీలం పిల్ల కాదు. ఆకుపచ్చది. నేనే రిబ్బన్లు మార్చాను."

అమ్మ ఫోను పిడుగు వైపు జరిపింది.

"ఏమండీ!" అని ఆంటీ ఇంకో ఫోనులో వాళ్లాయన్ని కేక వేయడం వినిపించింది. "బండి ఆపండి! వెనక్కి తిప్పండి. అది ఆకుపచ్చ పిల్లట. మీ కళ్లకి అన్నీ ఒకటేనా? తోక ఊపుడు చూస్తే తెలియదూ?"

పిడుగు ఏడుపు ఆపుకుంటూ అడిగింది. "ఆంటీ, సూది గుచ్చేశారా?"

"లేదమ్మా. ఇంకా దారిలోనే ఉన్నాడు." "ఇంకా నయం, ఇప్పుడైనా చెప్పావు. బరువు చూసే వాటికి నులిపురుగుల మందు ఇస్తాం. రెండు రోజులు పోతే ఒకదాని మందు ఇంకోదానికి పడేది."

ఫోను పెట్టేశాక అమ్మ కుర్చీలో కూర్చుంది. తిట్టలేదు.

"వార్డులో పట్టీ విప్పాల్సి వస్తే నేను ఇప్పటికీ ఇంకో నర్సుని పిలిచి పక్కన నిలబెట్టుకుంటానే," అంది.

పిడుగు రెండో సాక్సు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది.

పిల్లలు తల్లి పాలు మానేసి, టీకా వేయించుకునేదాకా ఆంటీ ఎవరికీ ఇవ్వలేదు. ఇచ్చే రోజు రానే వచ్చింది. ఆంటీ నీలం రిబ్బన్ పిల్లని ఎత్తుకొచ్చింది. ఆకుపచ్చ రిబ్బన్ పిల్ల కోచ్‌ గారి బూటు లేసు లాగుతోంది. ఆయన దానితో పాటు గెంతుతున్నాడు.

"చివరగా ఒక్క మాట," అంది ఆంటీ. "ఎప్పుడైనా, ఎన్నేళ్లకైనా, పెంచలేకపోతే నాకే తెచ్చివ్వాలి. ఇంకేమైనా చెప్పాలా?"

నాన్న లేదన్నట్టు తల ఊపాడు.

"ఉంది ఆంటీ," అంది పిడుగు. "గురువారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ ఉండరు. నాయనమ్మ క్లినిక్‌కి వెళ్తుంది. నేను స్కూలు నుంచి వచ్చేదాకా తాళమే."

నాన్న నుదురు కొట్టుకున్నాడు. "నిజమే. నాకు తట్టనే లేదు."

ఆంటీ పిల్లని తన భుజం మీదకి మార్చుకుంది. పిడుగు ఆ పిల్లనే చూస్తూ నిలబడింది.

"గురువారం ఇక్కడ దింపి వెళ్లండి," అంది ఆంటీ. "వాళ్లమ్మతో ఆడుకుంటుంది. కాస్త పెద్దయ్యాక ఒంటరిగా ఉండటం అదే నేర్చుకుంటుంది."

"మీకు శ్రమ కదండీ!" అంది అమ్మ.

"చెప్పకపోతే శ్రమ. చెప్పారుగా." ఆంటీ పిల్లని పిడుగు చేతుల్లో పెట్టింది. రిబ్బన్ ముడి మీద చెయ్యి వేసింది. "ఇక మీదే కదా. దీని పని అయిపోయింది, విప్పేస్తా."

"వద్దు ఆంటీ," అంది పిడుగు. "ఇంటికెళ్లేదాకా ఉండనివ్వండి. ముందు మీరొకసారి చూడండి, తర్వాత అమ్మ చూస్తుంది."

ఆంటీ పిల్ల మొహం చూసింది, తోక చూసింది. "నీలం," అంది.

అమ్మ రిబ్బన్ చూసింది. "నీలం," అంది.

"థాంక్స్ ఆంటీ," అంది పిడుగు. కారులో దారి పొడుగునా ఆ ముడి మీద నుంచి చెయ్యి తీయలేదు.

ఇంటి తలుపు దగ్గర నాయనమ్మ కర్ర పట్టుకుని ఎదురుచూస్తోంది. పిల్లని కింద దించారు. అది మెల్లగా నడిచి వెళ్లి నాయనమ్మ పాదం మీద గడ్డం ఆనించింది.

"ఇప్పుడు విప్పు నాయనమ్మా," అంది పిడుగు.