అట్ట లేని పుస్తకం అంచుల్లో

మా ‘చదువరుల చావడి’కి నెలనెలా కబుర్ల పత్రం రాసేది నేనే. వాట్సాప్ గుంపులో మూడు వందల పన్నెండు మందిమి ఉన్నాం. రాయమంటే మాత్రం మూడు వందల పదకొండు మందికి వేరే పని ఉంటుంది. డిసెంబరు పత్రంలో ఇలా రాశాను:

“మన చావడికి రెండేళ్ళు నిండాయి. అట్ట లేని పుస్తకం రెండో చుట్టు కూడా ముగించుకుని తిరుపతి చేరింది. ఫిబ్రవరిలో తిరుచానూరులో అందరం మొదటిసారి ముఖాముఖి కలుస్తున్నాం. మర్నాడు కార్వేటినగరం కోట చూడటానికి బస్సు మాట్లాడాం. ఆ సభలోనే మన ‘అంచు మాటలు’ అచ్చుపుస్తకం విడుదల. అందులో ఏవి వేయాలో తేల్చడానికి ఈ ఆదివారం సాయంత్రం నాలుగింటికి వీడియోలో కలుద్దాం. ఎవరి మాటలు వాళ్ళే చదవాలి.”

అట్ట లేని పుస్తకం ఒక పాత నవల. పేరు లేదు, రాసిందెవరో తెలియదు, మొదటి నాలుగు పేజీలు లేవు. మాలో ఒకామె, వేదవల్లి, దాన్ని చిత్తూరులో పాత పుస్తకాల అంగట్లో కొన్నది. దాన్ని ఇల్లిల్లూ తిప్పుదామన్న ఆలోచనా ఆమెదే. బస్సు పార్శిల్లో ఒకరి నుంచి ఒకరికి పోతుంది. చదివినవాళ్ళు పేజీ అంచున పెన్సిలుతో తమకు తోచింది రాసి, కింద పేరు పెట్టాలి. ఇరవై మూడు ఇళ్ళు తిరిగింది. అందరూ రాశారు. అందరూ ముందుగా వెతికి చదివేది మాత్రం వేదవల్లి మాటలే.

నేను తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో ఇరవై ఆరేళ్ళుగా లైబ్రేరియన్ని. నా పేరు కమలిని. వేదవల్లి పదో తరగతితో చదువు ఆపేసి, తిరుచానూరులో సంసారం చేసుకుంటూ ఉండేది. నేను “పాత్ర చిత్రణ సహజంగా ఉంది” అని రాసిన పేజీలోనే ఆమె ఇలా రాసింది: “ఈమె కూచుని ఏడ్చిందంట. రెండు పేజీల ముందు పొయ్యి మీద పాలు పెట్టింది గదా, వాటిని ఎవరు దించినారు?”

గుంపంతా వారం రోజులు ఆ పాల గురించే మాట్లాడుకుంది. కార్వేటినగరంలో మామిడితోట ఉన్న మునిచంద్ర అయితే నాకే ఫోన్ చేసి చెప్పాడు. “మేడమ్, ఏమనుకోవద్దు. మీరు రాస్తే పరీక్ష పేపరు దిద్దినట్టు ఉంటాది. ఆయక్క రాస్తే పక్కన కూసోని మాట్లాడినట్టు ఉంటాది.” నేను నవ్వాను. ఆ రోజు అన్నం సయించలేదు.

జూన్‌లో వేదవల్లి పోయింది. గుండెపోటు. అంతకు ముందు ఆదివారమే మా నెలవారీ వీడియో సమావేశంలో ఆమె తన పాత మాటలు కొన్ని చదివింది. తలనొప్పి అని చెప్పి నేను చేరలేదు. తలనొప్పి లేదు.

పుస్తకం అప్పటికి రెండో చుట్టు చివర ఆమె దగ్గరే ఉంది. వాళ్ళాయన తెచ్చి నా చేతికిచ్చాడు. తీసి చూస్తే, ఎవరూ చూడని కొత్త మాటలు తొమ్మిది ఉన్నాయి. తొమ్మిదీ ఒకదాన్ని మించి ఒకటి.

అచ్చుకు ఎక్కేవి యాభై. ముప్పై ఒకటి ఆమెవే అని గుంపు అప్పటికే తేల్చేసింది. నావి రెండు. పోయిన మనిషికి ముప్పై ఒకటి చాలవా? తొమ్మిది నాకు వస్తే ఆమెకు తగ్గేదేముంది? ఇలాగే లెక్క వేసుకున్నాను. ఆదివారం పొద్దున కొత్త రబ్బరు కొనుక్కొచ్చి తొమ్మిదీ చెరిపాను. అదే చోట నా రాతతో వాటినే రాశాను. కింద ‘కమలిని’ అని పెట్టాను. ఒళ్ళో పడ్డ రబ్బరు పొట్టు దులుపుకుని భోజనం చేశాను.

మూడింటి నుంచి తుపాను వాన పట్టుకుంది. మా ఆయన చిత్తూరులో పెళ్ళికి పోయారు. నాలుగు కాకముందే కరెంటు పోయింది. బాల్కనీ తలుపు సందులోంచి నీళ్ళు లోపలికి పాకుతున్నాయి. హాల్లో చీకటి. ఫోన్ వెలుగు నా ముఖం మీద, ముందున్న పుస్తకం మీద మాత్రమే పడుతోంది. తడి సున్నం వాసన, దానితోబాటు ఇంకో వాసన. గంజి పెట్టి ఆరేసిన నూలు చీర వాసన. మా ఇంట్లో గంజి పెట్టే అలవాటు లేదు. వేదవల్లి కూడా నూలు చీరలు కట్టగా నేను చూడలేదు.

నలభై ఆరు మంది చేరారు. చిత్తూరు నుంచి రంగప్రియ సమావేశం నడుపుతోంది. అచ్చు పని చూసుకునేది కూడా ఆ పిల్లే.

“కమలిని అక్కా, మీరే మొదలుపెట్టండి. కొత్తవి రాసినారంట గదా?”

“తొమ్మిది,” అన్నాను. “ఎనభై ఏడో పేజీ.”

మొదటిది చదివాను. గొంతు బాగానే పలికింది. తెర మీద తలలు ఊగాయి. ఎవరో “అబ్బా!” అన్నారు. రెండోది చదివాను. మునిచంద్ర పకపకా నవ్వాడు.

“ఈ పొద్దు ఏమైందక్కా మీకు? ఇంత బాగా సదువుతా ఉండారు!”

మేడమ్ కాదు. అక్కా. రెండేళ్ళలో మొదటిసారి.

మూడోది మొదలుపెట్టే ముందు గుటక వేయడానికి ఆగాను.

ఎవరూ ఆగలేదు.

అందరూ వింటూనే ఉన్నారు. రంగప్రియ గడ్డం కింద చేయి పెట్టుకుంది. మునిచంద్ర ముందుకు వంగాడు. ఒకచోట అందరూ ఒక్కసారే నవ్వారు. నేను ఏమీ చదవడం లేదు. నా గదిలో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

వినబడటం లేదేమో అనుకుని మైకు ఆపేశాను. మైకు గుర్తు మీద ఎర్ర గీత పడింది. వాళ్ళు వింటూనే ఉన్నారు.

తెర మూలన నా బొమ్మ ఉంది. చిన్న చదరం. అందులో నేను తల వంచుకుని ఉన్నాను.

పెదవులు కదులుతున్నాయి.

నోటి మీద వేళ్ళు పెట్టుకున్నాను… మూసే ఉంది. పళ్ళు బిగించే ఉన్నాను. చదరంలో చేయి పైకి లేవలేదు. పెదవులు కదులుతూనే ఉన్నాయి.

గంజి వాసన దగ్గరికి వచ్చింది… భుజం వెనక్కి…

వెనక్కి తిరగలేదు. సమావేశంలోంచి బయటికి వచ్చేయొచ్చు. ఒక్క వేలు కదిపితే చాలు. నేను కదపలేదు. ఎందుకో దాచను. “కమలిని అక్కకు జోహారు” అని పక్కన వరసగా మెసేజీలు పడుతున్నాయి. “ఇన్నాళ్ళు యాడ దాచినారక్కా ఇవన్నీ!” మునిచంద్ర కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆ మాటలు నేను విననే లేదు. అయినా ఆ పొగడ్త నాది. వదలబుద్ధి కాలేదు.

పన్నెండు నిమిషాల తర్వాత చదరంలో పెదవులు ఆగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు ఆమె తలెత్తింది. నా ముఖమే. నేను తల వంచుకుని ఉన్నాను. ఆమె తలెత్తి నన్ను చూసింది…

ఫోన్ బోర్లా పెట్టేశాను.

ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. కరెంటు వచ్చింది. వాసన పోయింది. ఆరు దాటాక రంగప్రియ ఫోన్ చేసింది.

“అక్కా, ఇంకా ఒళ్ళు పులకరిస్తానే ఉండాది. మీవి మొత్తం వేసేద్దాం అన్నారు అందరూ. పుస్తకంలో మొదటివి మీవే.”

“మంచిది,” అన్నాను.

“పేరు మాత్రం ఒకసారి సరి చూసుకుందామని చేసినా. మీరు చెప్పినట్టే వెయ్యమంటారా?”

“కమలిని అనే కదా?”

“లేదు గదక్కా. చివర్లో మీరే చెప్పినారు. జ్ఞానాంబ అని.”

“జ్ఞానాంబ ఎవరు?”



“ఏమక్కా, ఎగతాళా? వేదవల్లక్క జ్ఞాపకంగా చెప్పినారేమో అనుకుంటిమి.”

“వేదవల్లికీ ఆ పేరుకీ ఏమిటి సంబంధం?”

“జూన్‌లో ఆయక్క సదివినప్పుడు మీరు లేరు గదూ?” గొంతు తగ్గించింది. “ఆయక్క గూడా తన పాతవన్నీ సదివేసి, కడాన అదే పేరు చెప్పింది. కలం పేరేమో అనుకున్నాం. అడిగితే తెల్లబోయి చూసింది. నేనెప్పుడు చెప్పినాను అనింది. నాలుగు రోజులకే గదక్కా…”

నేను ఫోన్ పెట్టేశాను.

బల్ల దీపం వేసి ఎనభై ఏడో పేజీ తెరిచి, పుస్తకాన్ని ఏటవాలుగా పట్టుకున్నాను. లైబ్రరీలో చెరిపేసిన ముద్రలు చూడాలంటే ఇలాగే చూస్తాం. పైన నల్లగా నా రాత. దాని కింద వేదవల్లి పెన్సిలు చేసిన గుంటలు, కోలగా, కుడికి వంగి. వాటి కింద ఇంకో వరుస గుంటలు. గుండ్రంగా, నిదానంగా. ఇది మూడో చేయి. ఆ మూడో రాత మీద రబ్బరు రుద్దినచోట కాగితం పలచబడి ఉంది. వేదవల్లి కూడా గట్టిగానే రుద్దింది.

అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. అదే మాట. కింద పేరు, జ్ఞానాంబ. కానీ వేదవల్లి ఒక వాక్యం వదిలేసింది. అందుకే నేనూ రాయలేదు. ఆ వాక్యంతో కలిపి చదివితే గానీ ఆ మాట పూర్తి కాదు.

ఆ క్షణంలో కూడా నాకు ముందు కలిగింది భయం కాదు. జ్ఞానాంబ మా ఇద్దరికంటే బాగా రాసింది.

పెన్సిలు తీసుకున్నాను. నా రాత కింద ఆ వదిలేసిన వాక్యం చేర్చి, మళ్ళీ నా పేరు పెట్టబోయాను. కమలిని అని రాశాను. పెన్సిలు మొన విరిగేంత నొక్కి మళ్ళీ రాశాను.

కాగితం మీద గుంట పడింది. నలుపు మాత్రం పడలేదు.