బెంచీ కొనేముందు

ఆమె మా షాపుకి వచ్చిన మొదటిరోజే, వరండాలో పెట్టిన కొత్త టేకు బెంచీ మీద తన సీసాలోని నీళ్ళన్నీ కుమ్మరించింది.

నేను గుడ్డ పట్టుకుని పరిగెత్తాను. ఆమె చెయ్యి అడ్డుపెట్టింది.

"తుడవకండి. ఏమవుతుందో చూడనివ్వండి."

"ఏమవుతుందండీ, తడుస్తుంది."

"అది నాకూ తెలుసు. నీళ్ళు ఇంకుతాయా, నిలుస్తాయా అని చూస్తున్నా."

ఇద్దరం వంగి చూస్తూ నిలబడ్డాం. నీళ్ళు చెక్క మీద పూసల్లా నిలిచి, ఒకదాంట్లో ఒకటి కలిసి, అంచు మీదుగా జారి నా చెప్పు మీద పడ్డాయి. బుద్ధెరిగినప్పట్నుంచీ ఆ షాపులోనే ఉన్నాను గానీ, తడిసిన బెంచీని అంత శ్రద్ధగా ఎన్నడూ చూడలేదు. నిజం చెప్పొద్దూ, చివర్లో నేను చూసింది బెంచీని కాదు. కింది పెదవి పంటితో పట్టి, నుదురు ముడిచి చూస్తున్న ఆ మొహాన్ని.

మందుల కంపెనీ ల్యాబ్‌లో ఆమెకి ఉద్యోగం. మాత్రలు నీళ్ళలో ఎంతసేపటికి కరుగుతాయో చూడటం పని. అందుకే చూడకుండా దేన్నీ నమ్మనని చెప్పింది. ఎండకీ వానకీ డాబా మీదే ఉండిపోయే బెంచీ కావాలట. ఎంతమందికని అడిగాను. ఇద్దరికి అంది.

ఆ రెండోవాడెవడా అని మనసు చివుక్కుమంది. చూసి పావుగంట కాలేదు, అప్పుడే నీకెందుకురా ఇదంతా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

షాపు మా పిన్నిది. కలప ఎంచడం ఆవిడ పని, అమ్మడం నా పని. మంచి కలప తరాలు నిలుస్తుంది, కొన్నవాడు మళ్ళీ మన గుమ్మం తొక్కడు, ఉన్నప్పుడే మర్యాదగా చూసుకో అని నాకు చిన్నప్పుడే నేర్పింది. అది వ్యాపారసూత్రం అనుకునేవాణ్ణి. ఆమె ఎదురుగా నిలబడి ఉంటే అదే మాట శాపంలా వినిపించింది. కొంటే ఇక రాదు. కొనకపోతే పిన్ని నా వీపు విమానం మోత మోగిస్తుంది.

అందుకే ఆ రోజు అమ్మలేదు. తొందరేం లేదు, ఇంటికి తీసుకెళ్ళి పరీక్షించుకోండంటూ అరచేతంత టేకుముక్క శాంపిల్‌గా ఇచ్చాను.

మరుసటి వారం ముక్క మీద కాఫీ మరకతో వచ్చింది. సబ్బునీళ్ళూ మెత్తటి బ్రష్షూ తెచ్చి, చారల వెంబడి రుద్దాలి తప్ప అడ్డంగా రుద్దకూడదని చూపించాను. ఎందుకు రుద్దకూడదని అడిగింది. చెప్పాను. ఇంకోసారి ఇనపమేకు వల్ల పడ్డ నల్లమచ్చ చూపిస్తే, మేం ఇత్తడి మరలే ఎందుకు వాడతామో చెప్పాను. అటుపై ముక్క ఒకవైపు వార్నిష్ పూసి ఎండలో పెట్టిందట, అది పెచ్చులూడిపోయింది. ఏమీ పుయ్యకపోతేనే మేలన్నమాట అని తనే తేల్చుకుంది.

ఒకరోజు పెద్దవానలో వచ్చింది. గొడుగు కింద తను సగం తడిసింది, ప్లాస్టిక్ సంచిలో ముక్క మాత్రం పొడిగా ఉంది. సంచి విప్పితే గుప్పున బూజువాసన.

"తడవకుండా రెండు వారాలుగా ఇందులోనే దాచాను. అయినా పాడైందేంటి?"

"గాలాడక. దీనికి వానకంటే ముసుగే ఎక్కువ చెరుపండీ."

ఆ మాటకి ఆమె ముక్కకేసి కాక నాకేసి చూసింది. చూరునీళ్ళు జలజలా పడుతున్నాయి. వాన ఇంకాసేపు తగ్గకపోతే బావుండుననుకున్నాను. నా మొక్కు ఆలకించినవాడెవడో గానీ, ఆ మధ్యాహ్నమంతా కురిసింది.

ఆ తీరిక వేళే, బెంచీకి చేతులు బలంగా ఉండాలనీ, ఆనుకుని లేవాలి కదా అనీ అంది. కూర్చునేవారికి మోకాళ్ళ నొప్పులా అని నంగనాచిలా అడిగాను. బాగా నొప్పులు, వానాకాలం మరీను అంది.

ఎంత వయసువాణ్ణి చేసుకుంటోంది ఈ పిల్ల అని నాకు అన్నం సయించలేదు. ఉండబట్టలేక పిన్నికి చెప్పుకున్నాను.

"ఆ ఇన్‌స్పెక్టరమ్మ బెంచీ కొంటుందా, కొనదా?" అంది పిన్ని.

"చూస్తోంది."

"మరి నువ్వేం చేస్తున్నావు?"

"నేనూ చూస్తున్నాను."

"ఇలా చూస్తూ కూర్చోండి, బెంచీకి చెదలు పడతాయి. చేవ ఉంటే అడుగు, లేదంటే అమ్మెయ్."

టేకుకి చెదలు అంత తేలిగ్గా పట్టవని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

వానలు వెనకబట్టాక, ఒక సెలవురోజు ఆమె వాళ్ళమ్మమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. అమ్మమ్మ బెంచీ మీద కూర్చుంది, దాని చేతులు పట్టుకుని ఊపి చూసింది, వాటి మీద బరువు మోపి తనంతట తనే లేచి నిలబడింది. సంతోషంతో ఇంకోసారి కూర్చుని లేచింది.

"ఇద్దరంటే మీరిద్దరేనా?" అన్నాను.

"ఇంకెవరనుకున్నావు బాబూ?" అంది అమ్మమ్మ.

మనవరాలు కింది పెదవి పంటితో పట్టి నన్ను నీళ్ళలో వేసిన మాత్రని చూసినట్టు చూసింది. రంగు మారిపోయాను కాబోలు, ఏదో తేలినట్టు తల పంకించింది.

బెంచీ ఖాయం చేసుకుని, ఇక దీనికేం చెయ్యాలో చెప్పమంది. నెలకోసారి నూనె పట్టించాలి, నేనే వచ్చి పట్టిస్తానని ఒక్క అబద్ధమాడితే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది. వానాకాలమంతా నా ప్రతి మాటనీ పరీక్షించి నమ్మిన మనిషి ముందు అది బయటికి రాలేదు.

"పెద్దగా ఏం అక్కర్లేదండీ. కాళ్ళకింద నీళ్ళు నిలవకుండా చూడండి. ఏడాదికొకసారి సబ్బునీళ్ళతో కడగండి. వెండిరంగుకి తిరుగుతుంది, అది పాడవడం కాదు."

"అంటే నేనింక రానక్కర్లేదు."

"బెంచీకి ఏడాదికొకసారి చాలండీ. నాకు చాలదు."

అనేశాను. ఆమె మొదటిసారి ఏమీ అడగలేదు. సంచి పట్టీని వేలికి చుడుతూ, విప్పుతూ నిలబడింది.

"మొదటి వారమే బెంచీ ఇదేనని ఇంట్లో చెప్పేసింది బాబూ," అంది అమ్మమ్మ. "తర్వాతంతా ఆ చెక్కముక్కకి మరకలు వెతకడమే పని. పాపం దానికి పడని మరక లేదు."

"అమ్మమ్మా," అంది ఆమె గొంతు తగ్గించి. తర్వాత తలెత్తి, సంచిలోంచి ఆ ముక్క తీసి నా చేతిలో పెట్టింది. "చాలదన్నారుగా. ఆదివారం మా ఇంటికి రండి, ఎంత చాలదో చూస్తాను. చూడకుండా నేనేదీ నమ్మను."

లోపల్నుంచి పిన్ని వచ్చి, బెంచీ ఇంటికి చేర్చడానికి మావాణ్ణే పంపుతున్నాననీ, వాడి మోకాళ్ళు గట్టివేననీ అమ్మమ్మకి భరోసా ఇచ్చింది.